పిక్క పట్టేస్తోంది: సిలోస్టజాల్ వాడాలా, నడకే చాలా?

కృష్ణలంక కుర్రాడు:
మా నాన్నగారికి 66 ఏళ్లు, షుగర్ వచ్చి పద్దెనిమిదేళ్లు. రైతుబజారుకు బయల్దేరితే రెండో కరెంటు స్తంభం దగ్గర ఆగిపోతారు. ఎవరైనా చూస్తారని ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుంటారు. అసలు సంగతి, కుడికాలి పిక్క పట్టేయడం. రెండు నిమిషాలు నిలబడితే వదులుతుంది, మళ్లీ అంత దూరమే. కాలి రక్తనాళాలు సన్నబడ్డాయని డాక్టరుగారు సిలోస్టజాల్ 100 రెండు పూటలా రాసి, నడవమన్నారు. బాబాయేమో మాత్రలు దండగ, నడిస్తే చాలంటాడు. నొప్పితో నడకేంటని అమ్మ గడప దాటనివ్వదు. ఎవరి మాట వినాలి?

నడక నాగన్న:
మీ బాబాయి మాటే. ఆ మాత్ర పూడుకుపోయిన నాళాన్ని తెరవదు. ఇంగ్లండ్‌లో ఏ మందు వాడాలో చెప్పే నైస్ సంస్థ 2011లోనే దీన్ని సిఫార్సు చేయలేదు. 2013లో యూరప్ కూడా కళ్లెం వేసింది: ముందు నడక, పొగ మానడం చూశాకే ఇవ్వాలి, మూడు నెలల్లో గుణం లేకపోతే ఆపేయాలి. నడవడమంటే షికారు కాదు. పిక్క బాగా పట్టేదాకా నడిచి, తగ్గాక మళ్లీ లేవాలి. వారానికి మూడు రోజులైనా, 30 నుంచి 45 నిమిషాలు, కనీసం 12 వారాలు.

మందుల షాపు మామ:
ఇరవై ఏళ్లుగా కౌంటరు వెనకాలే ఉన్నా. "రక్తప్రసరణకి ఏదైనా మాత్ర ఇవ్వు" అని చీటీ లేకుండా వస్తారు. అడిగితే రాత్రిళ్లు అరికాళ్ల మంటలంటారు. అది చాలావరకు షుగర్‌తో వచ్చే నరాల గొడవ, దానికి ఈ మాత్రతో పనిలేదు. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 కన్నా తక్కువొస్తే అప్పుడు నాళాల జబ్బు.

నాగన్నా, నైస్ వద్దన్నది ఖర్చు లెక్క చూసి, పనిచేయదని కాదు. 2000లో అచ్చయిన అమెరికా అధ్యయనంలో దాదాపు 700 మందిని 24 వారాలు చూశారు. ఇదే జబ్బుకి రాసే ఇంకో మందు పెంటాక్సిఫిలిన్, ఉత్తుత్తి మాత్రతో సమానంగా తేలింది, సిలోస్టజాల్ వేసుకున్నవాళ్లు ఎక్కువ దూరం నడిచారు. అయినా పెంటాక్సిఫిలిన్‌ని ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు, అది వేరే కథ.

హన్మకొండ వదిన:
నొప్పికి భయపడి మంచం దిగని మనిషిని నడువు అంటే నడుస్తదా నాగన్నా? మా అత్తమ్మకు మొదటి పది రోజులు తలనొప్పి, గుండె దడ. మానేస్తానని మొండికేసింది. రెండు నెలలు దాటాక వడ్డేపల్లి చెరువు కట్ట మీద నాకంటే ముందు పోతోంది. మాత్ర వల్లనా, నడక వల్లనా అంటే నేను చెప్పలేను. ఒకటి మాత్రం గట్టిగా చెప్తా: రాసేముందు డాక్టరు టూడీ ఎకో, అదే గుండె స్కాన్, చేయించిండు. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నోళ్లకు ఈ మందు అస్సలు ఇవ్వొద్దట.

నడక నాగన్న:
సరే వదినా, మాత్ర ఇచ్చిన ధైర్యంతో నడిచిందంటే ఒప్పుకుంటా. కుర్రాడా, నాన్నగారికి పొగ అలవాటుందా? ఉంటే మాత్ర, నడక రెండూ దండగే.

మందుల షాపు మామ:
ఇంకోటి, ఎవరూ అడగరు. గ్యాస్ మాత్ర వేస్తున్నారా? ఒమెప్రజోల్ అయితే సిలోస్టజాల్ ప్రభావం ఒంట్లో పెరుగుతుంది, అప్పుడు 50కి తగ్గిస్తారు. మీ అంతట మీరు విరవకండి, డాక్టరుకు చెప్పండి. వేసుకునేది కూడా తినడానికి అరగంట ముందు, లేదంటే తిన్న రెండు గంటలకి.

కృష్ణలంక కుర్రాడు:
మామయ్యగారూ, ఇప్పుడే డబ్బా వెతికా. ఒమెప్రజోల్ 20, ఆరేళ్లుగా పరగడుపునే. డాక్టరు అడగలేదు, మేమూ చెప్పలేదు. సిలోస్టజాల్ టిఫిన్ అవగానే వేస్తున్నాం. రేపు రెండు స్ట్రిప్పులూ పట్టుకెళ్లి చూపిస్తా, ఎకో గురించీ అడుగుతా. సిగరెట్ల సంగతి అమ్మకు తెలియదు నాగన్నగారూ, ఆ పంచాయితీ ఇంకా మొదలుకాలేదు.

సాయంత్రం నాన్న మూడో స్తంభం దాకా వచ్చారు. ఫోన్ మాత్రం చెవి దగ్గరే.