అప్‌డేట్: రైఫిల్ స్కోప్ మార్చక్కర్లేదు, తేడా తూటాల్లోనే

పోయిన నెల అడిగాను కదా, నా .22 రైఫిల్ (0.22 అంగుళాల తూటాది) 50 మీటర్లలో ఒకరోజు గుంపుగా, ఇంకోరోజు చెల్లాచెదురుగా కొడుతోంది, స్కోప్ (గురి చూసే దుర్బిణి) మార్చాలా అని. మీరు చెప్పినట్టే రెండు రకాల తూటాలు పట్టుకెళ్లి, రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించి, ఒక్కోదానితో అయిదేసి రౌండ్ల గ్రూపులు (ఒకే గురికి వరసగా కొట్టినవి) నాలుగు కాల్చాను.

హై వెలాసిటీ (ఎక్కువ వేగం) రకం గ్రూపు 40 మి.మీ. దాటి పరుచుకుంది. స్టాండర్డ్ వెలాసిటీది (మామూలు వేగం) 17 మి.మీ. లోపే! ఒక గ్రూపులో మూడు చిల్లులు కలిసిపోయి కాగితం మీద ఒకే చిరుగులా కనిపించింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. హై వెలాసిటీ తూటా ధ్వని వేగం (సెకనుకు సుమారు 340 మీటర్లు) కంటే ఎక్కువ వేగంతో బయల్దేరి, దారిలో ఆ వేగానికి దిగేటప్పుడు కుదుపుకు లోనవుతుందట. నా గొట్టానికి నిదానమైనదే నచ్చినట్టుంది.

ఒక్క మాట, రకం మార్చాక మొదటి పది రౌండ్లు లెక్కపెట్టకండి. గొట్టంలో పాత తూటాల మైనం పూత మిగిలి ఉంటుంది. ఆ రౌండ్లను కూడా లెక్కపెట్టడమే ఇన్నాళ్లూ నేను చేసిన పొరపాటు. వచ్చే వారం ఇదే రకంలో వేరే లాట్ (వేరే విడతలో తయారైనవి) కాల్చి చూస్తాను.