జర్మన్ షెపర్డా, మాలినోయిసా? విశాఖ ఉక్కపోతకు ఏది ఆగుతుంది?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, గాజువాక. మా తమ్ముడు ఆటోనగర్‌లో గోడౌన్లకు కాపలా మనుషుల్ని పెట్టే పని చూసుకుంటున్నాడు. ఇప్పుడు శిక్షణ ఇప్పించి ఒక కుక్కను కూడా పెడదామంటున్నాడు.

నా ఓటు జర్మన్ షెపర్డ్‌కే. చిన్నప్పుడు మా వీధిలో ఒకటి ఉండేది, అదే మనసులో ఉండిపోయింది. వాడు మాత్రం బెల్జియన్ మాలినోయిస్ అంటాడు. 2011లో బిన్ లాడెన్ ఇంటి మీద దాడికి అమెరికా కమాండోలు తీసుకెళ్లింది ఆ జాతినే, మన సీఆర్‌పీఎఫ్ కూడా అడవుల్లో గాలింపుకు దాన్నే వాడుతోంది అని వాడి వాదన. మగ షెపర్డ్ 30–40 కిలోలుంటే ఇది 25–30. బొచ్చు పొట్టి, ఒళ్లు చురుకు. షెపర్డ్‌కి తుంటి కీళ్ల జబ్బు భయం ఎక్కువ, అదీ నిజమే. కానీ మాలినోయిస్‌కి రోజూ చేతినిండా పని చెప్పకపోతే ఇల్లు పీకి పందిరేస్తుందంటారు!

ఇక్కడి మే నెల ఉక్కపోత తెలిసిందేగా. అంత ఒత్తయిన బొచ్చుతో షెపర్డ్ డ్యూటీ చేయగలదా? ఇంతవరకు కుక్కను పెంచని మా వాడికి మాలినోయిస్ లొంగుతుందా? పోలీసు డాగ్ స్క్వాడ్‌లోనో, సైన్యంలోనో హ్యాండ్లర్‌గా చేసినవారుంటే దయచేసి చెప్పండి. ఈ ఆదివారమే అడ్వాన్స్ ఇచ్చేస్తానంటున్నాడు, నాకేమో టెన్షన్.