క్రిట్ బిల్డా, నిలకడ డ్యామేజా? పాయింట్లు ఎక్కడ పెట్టాలి?

కంచరపాలెం కుర్రాడు
అన్నలూ, పాత్ ఆఫ్ ఎగ్జైల్ గేమ్ మొదటి భాగంలో రెండు చేతుల గొడ్డలితో ఆడుతున్నా. మొన్న ఆర్‌కే బీచ్‌లో మన వైజాగ్ బ్యాచ్ కలిసినప్పుడు సగం మంది క్రిట్‌కి, అంటే అప్పుడప్పుడు పడే పెద్ద దెబ్బకి, వెళ్లమన్నారు. మిగతా సగం ప్రతి దెబ్బా నిలకడగా తగిలేలా రెజల్యూట్ టెక్నిక్ అనే పాసివ్ స్కిల్ తీసుకోమన్నారు. అది తీసుకుంటే దెబ్బ తప్పదు గానీ క్రిట్ అసలు పడదు కదా. నా గొడ్డలి బేస్ (సొంత) క్రిట్ ఛాన్స్ 5 శాతం. 100 శాతం ఇంక్రీజ్డ్ క్రిట్ ఛాన్స్ వేసినా 10 శాతమే చూపిస్తోంది. ఇదేం లెక్క? ఏ దారి పట్టాలి?

ఎంవీపీ విలుకాడు
ఆ 100 శాతం నీ 5 మీద లెక్క తమ్ముడూ, 5కి కలిపేది కాదు. అందుకే బేస్ ఎక్కువున్న ఆయుధం ముందు చూసుకోవాలి. నా ఓటు మాత్రం క్రిట్‌కే. పెద్ద బాస్‌ల దగ్గర నిలకడ డ్యామేజ్ ఒక హద్దు దాటి పెరగదు. పైగా ఈ గేమ్‌లో చలి దెబ్బ క్రిట్ అయితే గడ్డకట్టించే ఛాన్స్ 100 శాతం. గడ్డకట్టినవాడు నిన్నేం కొడతాడు?

గాజువాక గద
ఆగు గురూ, కుర్రాడు ఇప్పుడున్న చోటు చూడు. 10 శాతం ఛాన్స్, క్రిట్ పడితే ఒకటిన్నర రెట్లు. అంటే సగటున పెరిగేది 5 శాతం. దాని కోసం అన్ని పాయింట్లు పోయాలా? ఆ పాయింట్లు లైఫ్‌లో పెడితే కనీసం బతుకుతాడు. ఇంకోటి, ఈ గేమ్‌లో క్రిట్ పడాలంటే యాక్యురసీ పరీక్ష, అంటే దెబ్బ తగులుతుందా లేదా అన్నది, రెండోసారి నెగ్గాలి. కాబట్టి షీట్‌లో కనిపించే ఛాన్స్ మొత్తం చేతికి రాదు. గొడ్డలి దెబ్బలు నెమ్మది కూడా. 25 శాతం ఛాన్స్ ఉన్నా, వరసగా పది దెబ్బల్లో ఒక్క క్రిట్టూ పడకపోవడం సుమారు 18 సార్లలో ఒకసారి జరుగుతుంది. ఆ ఒక్కసారి బాస్ ముందు జరిగితే టెన్షన్ ఎవరికి?

సీతమ్మధార లెక్కలు
క్రిట్టా కాదా అన్న దానికంటే, కొత్తగా వచ్చే శాతం కూడికలో పడుతోందా, గుణకారంలో పడుతోందా అన్నది ముందు చూడాలి. మనవాళ్లు ఇది వదిలేసి వాదించుకుంటుంటే నాకు బాధేస్తుంది.

ఈ గేమ్‌లో "ఇంక్రీజ్డ్" అన్నవన్నీ ఒకే హుండీలో పడతాయి. నీ దగ్గర అప్పటికే 300 శాతం ఉందనుకో, అంటే 4 రెట్లు. ఇంకో 40 శాతం దొరికితే 4.4 అవుతుంది, అసలు లాభం 10 శాతమే. అదే 20 శాతం "మోర్" దొరికితే, అది విడిగా గుణిస్తుంది కాబట్టి 4.8. చిన్న అంకె పెద్ద అంకెని ఓడించింది.

క్రిట్ మల్టిప్లయర్ (క్రిట్ పడితే దెబ్బ ఎన్ని రెట్లో చెప్పే అంకె) ఆ హుండీలో పడదు, విడిగా గుణిస్తుంది. దాని బలం అదే. కానీ ఛాన్స్ ఉంటేనే. 50 శాతం ఛాన్స్ ఉన్నవాడు మల్టిప్లయర్‌ని 150 నుంచి 190 చేస్తే సగటు 1.25 నుంచి 1.45కి వెళ్తుంది, 16 శాతం లాభం. మన కుర్రాడి 10 శాతంతో అదే వస్తువు పెట్టుకుంటే 4 శాతం కూడా రాదు.

ఇది అన్ని గేమ్‌లకీ ఒకేలా ఉండదు. డయాబ్లో 4 వచ్చింది 2023 జూన్‌లో. అప్పట్లో క్రిట్ డ్యామేజ్, వల్నరబుల్ డ్యామేజ్ (బలహీనపడిన శత్రువు మీద పడే అదనపు దెబ్బ) విడివిడిగా గుణించేవి. అందుకే అందరూ వాటి వెంటే పడ్డారు. అక్టోబరులో రెండో సీజన్‌తో గేర్ (ఆయుధాలు, కవచాలు) మీద వచ్చే ఆ బోనస్‌లని కూడికలోకి మార్చేశారు. క్రిట్‌కి 1.5, వల్నరబుల్‌కి 1.2 రెట్లు మాత్రం గుణకారంగా ఉంచారు. పాత గైడ్ చూసి బిల్డ్ కడితే మునిగినట్టే.

ఎంవీపీ విలుకాడు
లెక్క ఒప్పుకుంటా. కానీ ఛాన్స్, మల్టిప్లయర్ రెండూ కలిసి పెరిగినప్పుడు వచ్చే ఊపు ఇంకెక్కడా రాదు. మల్టిప్లయర్ 300 ఉన్నప్పుడు ఛాన్స్ 50 నుంచి 70కి పెంచితే 20 శాతం లాభం.

గాజువాక గద
అది గేర్ ఉన్నవాడి మాట. 800 ప్రాణమున్న చిన్న రాక్షసిని నేను మామూలు దెబ్బ 1000తో చంపుతా, నువ్వు క్రిట్ 3000తో చంపుతావు. ఇద్దరికీ ఒకే శవం.

సీతమ్మధార లెక్కలు
కుర్రాడూ, ఇప్పటికి రెజల్యూట్ టెక్నిక్కే తీసుకో. గొడ్డలి మీద, సపోర్ట్ జెమ్‌లలో (స్కిల్‌కి బలం కలిపే రాళ్లు) "మోర్" ఎన్ని ఉన్నాయో, ఇంక్రీజ్డ్ మొత్తం ఎంతో స్క్రీన్‌షాట్ పెట్టు. క్రిట్‌కి ఎప్పుడు మారాలో ఆ అంకెలతో చెప్తాం.