మేడ మీద కుండీలకు ఆటోమేటిక్ డ్రిప్: వాడుతున్నవాళ్లు చెప్పండి

మల్లెపందిరి
మేడ మీద నలభై దాకా కుండీలున్నాయి, టమాటా, వంగ, ఆకుకూరలు, కొన్ని మల్లెలు. రోజూ పైపు పట్టుకుని తిరుగుతున్నాం. వచ్చే నెల పది రోజులు ఊళ్లో ఉండం కాబట్టి కొళాయికి బిగించే టైమర్, డ్రిప్ కిట్ కొందామని చూస్తున్నా. ట్యాంకు కూడా ఆ మేడ మీదే, చిన్న దిమ్మె మీద ఉంది. ఇది పనిచేస్తుందా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

నీటిచుక్క
ముందు ట్యాంకు ఎత్తు చూడండి, టైమర్ సంగతి తర్వాత. పది మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దిగితే దాదాపు ఒక బార్ (ప్రెషర్‌ను కొలిచే ప్రమాణం) ప్రెషర్ వస్తుంది. మీ ట్యాంకులో నీటిమట్టం కుండీల కంటే మహా అయితే ఒకటి రెండు మీటర్లు ఎత్తులో ఉంటుంది, అంటే 0.1 నుంచి 0.2 బార్. సోలినాయిడ్ వాల్వ్ (కరెంటు అయస్కాంతంతో పనిచేసే వాల్వ్) ఉన్న టైమర్లు చాలావరకు నీటి ప్రెషర్ సాయంతోనే తెరుచుకుని మూసుకుంటాయి, ఇంత తక్కువ ప్రెషర్‌లో సగం తెరుచుకుంటాయి, ఒక్కోసారి తెరుచుకున్నవి పూర్తిగా మూసుకోవు కూడా. లోపల బాల్ వాల్వ్‌ను (రంధ్రం ఉన్న గుండు తిరిగితే తెరుచుకునేది) చిన్న మోటారు తిప్పే రకం తీసుకోండి. దాని వివరాల్లో కనీస ప్రెషర్ 0 బార్ అని ఉంటుంది.

డ్రిప్పర్ (కుండీలోకి చుక్కచుక్కగా నీళ్లు వదిలే ముక్క) మీద గంటకు 4 లీటర్లు అని ఉంటే అది ఒక బార్ దగ్గర లెక్క. మామూలు డ్రిప్పర్ 0.1 బార్‌లో అందులో మూడో వంతు ఇస్తే గొప్ప. ప్రెషర్ కాంపెన్సేటింగ్ అని, అంటే ప్రెషర్ మారినా ఒకేలా నీళ్లిచ్చేవని అమ్మేవి మీ ట్యాంకుకి అసలు పనికిరావు.

కుండీలమేడ
పైన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకోటి, ఫిల్టర్ లేకుండా మొదలుపెట్టకండి. ట్యాంకు అడుగున ఉన్న మడ్డి మొత్తం డ్రిప్పర్లలోకే వస్తుంది. 120 మెష్ ఫిల్టర్ (సన్నటి జాలీ ఉన్నది) టైమర్‌కి ముందే పెట్టండి, వాల్వ్‌లో ఇసుక రేణువు ఇరుక్కున్నా అది మూసుకోదు. పైపులు నల్లవే కొనండి, వెలుతురు లోపలికి పోతే పాచి పడుతుంది. మాది ఉప్పు నీరు, డ్రిప్పర్ మూతి దగ్గర తెల్లటి పొర గట్టిగా పేరుకుంటుంది, గోటితో గీకితే రాదు. విప్పి నిమ్మ ఉప్పు నీళ్లలో రాత్రంతా నానబెడితే వదులుతుంది. నెలకోసారి పైపు చివరి మూత తీసి నీళ్లు వదిలేస్తే మొదట గోధుమరంగులో వస్తాయి, తేటగా వచ్చేదాకా ఆగి మూత పెట్టేయాలి.

పచ్చకొమ్మ
నేను ట్యాంకుకి కలపను. బ్యాటరీ అయిపోయినప్పుడు కొన్ని టైమర్లు తెరుచుకున్నచోటే ఆగిపోతాయి, ట్యాంకు మొత్తం ఖాళీ అయి ఇంట్లోవాళ్లకే నీళ్లుండవు. విడిగా ఒక డ్రమ్ములో నీళ్లు నింపి, అందులో చిన్న పంపు, దానికి టైమర్ పెట్టుకున్నాం. ఏం జరిగినా పోయేది డ్రమ్ములో ఉన్నంతే, ఊరెళ్లినా టెన్షన్ లేదు. కాకపోతే ఒక్క జాగ్రత్త: డ్రమ్ములో నీటిమట్టం కంటే డ్రిప్పర్లు కిందుంటే పంపు ఆగినా నీళ్లు ఆగవు, పైపు దానంతటదే లాగేస్తూ ఉంటుంది. పంపు నుంచి పైకొచ్చిన పైపుకి, డ్రమ్ము లోపలే నీటిమట్టానికి పైన, ఒక సన్నటి రంధ్రం పెడితే గాలి దూరి ఆగుతుంది. పంపు నడిచేటప్పుడు ఆ రంధ్రం నుంచి చిమ్మే నీళ్లు డ్రమ్ములోనే పడతాయి.

నీటిచుక్క
డ్రమ్ము ఆలోచన బాగుంది, కానీ పది రోజులకు నలభై కుండీలంటే డ్రమ్ము చాలదండీ. కుండీకి రోజుకి లీటరు వేసుకున్నా 400 లీటర్లు. ఫ్లోట్ వాల్వ్ (నీళ్లు నిండగానే తేలే బంతితో మూసుకునేది) పెట్టి ట్యాంకు నుంచి డ్రమ్ము నిండేలా చేస్తే, మీరు వద్దన్న ట్యాంకు ఖాళీ అయ్యే సమస్య మళ్లీ మొదటికొస్తుంది.

పచ్చకొమ్మ
నిజమే, మా కుండీలు తక్కువ కాబట్టి సరిపోతోంది.

మల్లెపందిరి
మట్టిలో గుచ్చే తేమ సెన్సార్లు పెడితే? మట్టి తడిగా ఉంటే నీళ్లు వదలదంటున్నారు కదా.

కుండీలమేడ
రెండు లోహపు కాళ్లున్న చౌకరకం తడి మట్టిలో తొందరగా తుప్పు పడుతుంది, ఆ తర్వాత అది చూపించే అంకెను నమ్మలేం. కెపాసిటివ్ రకం (లోహం మట్టికి నేరుగా తగలనిది) ఎక్కువ కాలం ఉంటుంది. అయినా ఒక కుండీలో గుచ్చిన సెన్సార్ నలభై కుండీల సంగతి ఎలా చెబుతుంది, ఎండ తగిలే మూల ఒకలా ఉంటుంది, నీడలో ఉన్నది ఒకలా ఉంటుంది. మీకు టైమర్ చాలు. పెద్ద కుండీలకు రెండేసి డ్రిప్పర్లు పెట్టండి, నీడలో ఉన్నవాటిని వేరే లైన్‌లో వేసి తక్కువసేపు వదలండి.

మల్లెపందిరి
రోజుకి ఒకసారి వదలాలా, రెండుసార్లా?

నీటిచుక్క
తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి, కొద్దికొద్దిగా. ఒకేసారి ఎక్కువ వదిలితే, ముఖ్యంగా ఎండి గట్టిపడిన కుండీల్లో, అంచు పక్కనుంచి జారి కింద రంధ్రంలోంచి పోతాయి, వేళ్లకు అందవు. ఎన్ని నిమిషాలన్నది కొలిచి చూసుకోండి. మొదటి డ్రిప్పర్ కింద ఒక గ్లాసు, చిట్టచివరి దాని కింద ఒకటి పెట్టి పదినిమిషాలు వదలండి, చివరి గ్లాసులో బాగా తక్కువ పడితే లైన్ పొడవు ఎక్కువైనట్టు, రెండుగా విడగొట్టాలి. ఇదంతా ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే బిగించేసి, మీరు ఇంట్లో ఉండి కూడా చేత్తో చుక్క నీళ్లు పోయకుండా నడిపించండి. ఏ కుండీలో మొక్క వాడిపోతోందో, ఏ జాయింటు కారుతోందో అప్పుడే తెలిసిపోతుంది. వెళ్లే ముందురోజు కొత్త బ్యాటరీలు వేయండి.