కుటుంబ ప్రార్థనకు రానన్న పిల్లాణ్ణి బలవంతంగా కూర్చోబెట్టాలా?

గాజువాక అమ్మ:
అందరికీ వందనాలు. మా ఇంట్లో రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి కుటుంబ ప్రార్థన. ఒక పాట, ఒక అధ్యాయం, తర్వాత ఒక్కొక్కరం ప్రార్థన చేస్తాం. ఎనిమిదో తరగతి చదువుతున్న మా బాబు రెండు నెలలుగా "మీరు చేసుకోండి, నేను రాను" అంటున్నాడు. వాళ్ళ నాన్నగారికి స్టీల్ ప్లాంట్‌లో బి షిఫ్ట్ పడిన వారం వాడితో నేనొక్కదాన్నే వాదించాలి. మొన్న ఫోన్ లాక్కుని కూర్చోబెడితే కళ్ళు తెరుచుకుని గోడవైపు చూస్తూ ఉన్నాడు. మా అత్తగారు సామెతలు 13:24 చూపించి బెత్తం తియ్యమంటారు. నాకు చేతులు రావడం లేదు. అలాగని వదిలేస్తే రేపు దేవుడికి ఏం జవాబు చెప్పాలి? ఒకటే టెన్షన్.

మర్రిపాలెం బ్రదర్:
వదలకండి సిస్టర్. బడికి వెళ్తావా అని అడిగి పంపిస్తున్నామా? ట్యూషన్ మానేస్తానంటే ఒప్పుకుంటామా? ద్వితీయోపదేశకాండం 6:7లో ఇంట్లో కూర్చున్నా, దారిలో నడుస్తున్నా, పడుకున్నా, లేచినా పిల్లలకు నేర్పమని ఉంది. వాళ్ళకి ఇష్టమైతే నేర్పమని లేదు. మాది సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. బిడ్డకు బాప్తిస్మం ఇప్పించిన రోజున విశ్వాసంలో పెంచుతామని తల్లిదండ్రులం సంఘం ముందు మాట ఇస్తాం. పదమూడేళ్ళు రాగానే ఆ మాట రద్దయిపోతుందా?

పెదవాల్తేరు నుంచి:
బ్రదర్ గారూ, ట్యూషన్‌తో పోల్చడం దగ్గరే నాకు అభ్యంతరం. లెక్కలు ఏడుస్తూ నేర్చుకున్నా వస్తాయి. ప్రార్థన అలా కాదు, అది దేవుడితో మాట్లాడటం. మెడ పట్టి కూర్చోబెడితే పెదవులు కదులుతాయి, అంతే. మాది బాప్టిస్టు కుటుంబం. మా సంఘాల్లో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, తానుగా నమ్మి అడిగినవాళ్ళకే ఇస్తారు. నీళ్ళలోకి దిగడానికి వాడి ఇష్టం కోసం అన్నేళ్ళు ఆగేవాళ్ళం, చాప మీద కూర్చోవడానికి ఆగలేమా?

నేను ఆ చాప మీద దెబ్బలు తిన్నవాణ్ణి. నాన్న బెత్తం పక్కన పెట్టుకుని ప్రార్థన చేయించేవారు. నేను కళ్ళు మూసుకుని అంకెలు లెక్కపెట్టుకునేవాణ్ణి, ఆమేన్ వినబడగానే లేచిపోయేవాణ్ణి. ఇంజనీరింగ్‌కి హాస్టల్‌కి వెళ్ళాక తొమ్మిదేళ్ళు చర్చి గడప తొక్కలేదు. మళ్ళీ వచ్చింది బెత్తం వల్ల కాదు. తెల్లవారుజామున స్టవ్ వెలిగించకముందు అమ్మ వంటింట్లో నా పేరు పెట్టి మెల్లగా ప్రార్థించుకునేది. సగం నిద్రలో వినేవాణ్ణి. ఎంత దూరం పోయినా ఆ గొంతు నన్ను వదల్లేదు. ఎఫెసీయులకు 6:4 పిల్లల్ని ప్రభువు బోధలో పెంచమంటుంది, కానీ అంతకంటే ముందు వాళ్ళకు కోపం రేపవద్దంటుంది. ఆ మొదటి సగం మనం చదవం.

అక్కా, ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ప్రార్థనలో మీ బాబు గురించి పైకి ఏమని చెబుతారు?

రాస్ హిల్ కింద ఉండే అమ్మమ్మ:
మేం కతోలికులం. పునీత మోనికమ్మ, కొడుకు అగస్తీను (తర్వాత పునీతుడైన పెద్ద బోధకుడు) దారి తప్పాడని ఒక బిషప్పు దగ్గరికి వెళ్ళి, వాడితో మాట్లాడమని ఏడ్చింది. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు చెప్పినా వినడు, అలా వదిలెయ్యి, వాడి కోసం ప్రార్థన మాత్రం చెయ్యి అన్నారు. ఆ కొడుకు మిలాన్‌లో బాప్తిస్మం తీసుకున్నది క్రీ.శ. 387లో, ముప్పై దాటాక. కొండెక్కి గుడికి వెళ్ళినప్పుడల్లా మా మనవడి సంగతి మరియతల్లికి చెప్పుకుని వస్తాను. వాడితో అనను.

మర్రిపాలెం బ్రదర్:
అమ్మగారూ, క్రీస్తు పేరు పసితనంలోనే అగస్తీను చెవిన వేసింది కూడా ఆ తల్లే. బెత్తం వద్దన్నది ఒప్పుకుంటాను. కానీ ఆ అరగంట ఇంట్లో టీవీ, ఫోన్లు అన్నీ కట్టెయ్యాలి, వాడు గదిలో ఉన్నా సరే. అంతకన్నా నేను తగ్గలేను.

గాజువాక అమ్మ:
పెదవాల్తేరు తమ్ముడూ, మీరడిగింది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. "ప్రభువా, వీడికి చదువు మీద శ్రద్ధ ఇవ్వు, ఫోన్ పిచ్చి తీసెయ్యి, పెద్దల మాట వినే మనసివ్వు." రోజూ ఇదే చెబుతాను, వాడి పక్కనే కూర్చుని, వాళ్ళ చెల్లి వింటుండగా. నిన్న వాణ్ణే అడిగాను, ఎందుకు రావురా అని. "దేవుడికి చెబుతున్నట్టు నన్నే తిడతావు కదమ్మా" అన్నాడు. నాకు మాట రాలేదు.

రాత్రి వాడి పేరు ఎత్తకుండా ప్రార్థన ముగించాను. వాడు రాలేదు. వాడి గురించి చెప్పుకోవాల్సింది పొద్దున్నే వంటింట్లో చెప్పుకున్నాను. మర్రిపాలెం బ్రదర్ గారు చెప్పినట్టు ఆ అరగంట ఫోన్లు కట్టేస్తాం, నాది కూడా.