ఆర్కిడ్ గింజల సీసాలన్నీ బూజు, ఎవరైనా దారి చెప్పండి

కర్నూలు మిద్దెతోట:
పొద్దున్నుంచి ఇదే పని, తల పగిలిపోతోంది. సీసాల్లో చక్కెర కలిపిన జెల్లీ పోసి దానిమీద ఆర్కిడ్ గింజలు చల్లితే రెండు మూడు రోజులకే తెల్లగా బూజు. వీడియోలో చూపించినట్టే చేశా. సీసాలు కుక్కర్లో పెట్టా, చేతులకు శానిటైజర్ రాసుకున్నా, అంతా శుభ్రమే. టిష్యూ కల్చర్ తెలిసినవాళ్లు చెప్పండి.

పాత వాండా:
ఏ ఆర్కిడ్? కాయ పచ్చిదా, చీలిందా? కుక్కర్లో ఎంతసేపు?

అనంతపురం పూలు:
సార్, ముందొక మాట. మీరు చేసేది టిష్యూ కల్చర్ కాదు. మొక్కలోంచి చిన్న ముక్క తీసి పెంచితే అది టిష్యూ కల్చర్, పిల్లలన్నీ తల్లి పోలికే. మీది గింజ. ఒక్కోటి ఒక్కో రంగు పూయొచ్చు, అందులోనే ఉంది మజా.

కర్నూలు మిద్దెతోట:
పేరేదైనా కానీ అన్నా, బూజు పోవాలి.

కడప వాననీళ్లు:
మన జిల్లాల్లో అసలు జబ్బు బోరు నీళ్లు. ఆర్కిడ్లకు అవి పోస్తే ఆకుల మీద తెల్ల మరకలు, వేళ్ల చివర్లు నల్లబడటం. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్ కొనుక్కోండి. వాన పడినప్పుడు డ్రమ్ములు పెట్టండి, లేదంటే ఆర్వో నీళ్లు వాడండి.

పాత వాండా:
బూజుకూ టీడీఎస్‌కూ సంబంధం లేదు.

కడప వాననీళ్లు:
లేదని ఎవరన్నారు? జెల్లీ పీహెచ్ 5.5 దగ్గర ఉండాలి. బోరు నీళ్లతో కలిపితే ఉంటుందా?

పాత వాండా:
ఉండదు. అయినా బూజు దానివల్ల రాదు.

ఆదోని సేంద్రియం:
ఈ బ్లీచ్‌లు, స్పిరిట్లు ఎందుకండీ? నల్లమలలో చెట్ల మీద వాండా ఆర్కిడ్లు ఏ కుక్కర్లో ఉడికి పెరుగుతున్నాయి? పేడ, గోమూత్రం కలిపి పులియబెట్టిన జీవామృతం నాలుగు చుక్కలు వేయండి. మంచి సూక్ష్మజీవులుంటే చెడ్డవి రావు.

పాత వాండా:
అడవిలో ఆర్కిడ్ గింజను బతికించేది ఫంగసే, అంతవరకూ మీ మాట నిజం. గింజ దుమ్ములా ఉంటుంది, లోపల తిండి నిల్వ ఉండదు. కాయలో లక్షల గింజలున్నా తనకు సరిపడే ఫంగస్ తగిలినవే మొలుస్తాయి. ఆ ఫంగస్ లేకుండా చక్కెర తినిపించి మొలిపించవచ్చని 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ చూపించాడు. సీసా పద్ధతి అక్కణ్నుంచే వచ్చింది. ఆయన జెల్లీలో లీటరుకు 20 గ్రాముల చక్కెర. గాలిలో తిరిగే ప్రతి బూజుకూ అది పెళ్లి భోజనం. అందులో జీవామృతం పోస్తే మొలిచేది ఆర్కిడ్ కాదు.

ఆదోని సేంద్రియం:
మీకు రసాయనాల మీదే నమ్మకం. కానివ్వండి.

కర్నూలు మిద్దెతోట:
డెండ్రోబియం సార్. కాయ పసుపు తిరిగి చివర చీలింది. కుక్కర్ మూడు విజిల్స్. తర్వాత జెల్లీ గట్టిపడేదాకా మూతలు తీసి ఫ్యాన్ కింద పెట్టా. ఇవన్నీ చెప్పాలా?

పాత వాండా:
మూడు విజిల్స్‌కు పప్పు ఉడుకుతుంది, బూజు చావదు. ప్రెషర్ పట్టాక సన్న సెగ మీద 20 నిమిషాలు ఉంచండి. మూతలు వదులుగా పెట్టండి. కుక్కర్ దానంతట అది చల్లారాక తీసి వెంటనే బిగించండి. చల్లేటప్పుడు ఫ్యాన్ వద్దు. పెద్ద ప్లాస్టిక్ డబ్బాకు చేతులు దూరే రెండు రంధ్రాలు చేసి, లోపల స్పిరిట్‌తో తుడిచి, అందులోనే పని చేయండి. దగ్గర్లో మంట ఉండకూడదు.
చీలిన కాయ గింజల్ని పలచటి బ్లీచ్‌లో కాసేపు ఆడించి, కుక్కర్లో మరిగించి చల్లార్చిన నీళ్లతో కడగాలి. చీలకముందే కోస్తే ఈ బాధ తక్కువ, కాయ పైన శుభ్రం చేస్తే లోపలి గింజ శుభ్రంగానే ఉంటుంది.
గింజ వేయని సీసా ఒకటి పక్కన పెట్టండి. అదీ బూజు పడితే లోపం జెల్లీలోనో మూతలోనో ఉన్నట్టు. అది బాగుండి మిగతావి పాడైతే గింజనో, చల్లిన తీరునో అనుమానించాలి.

అనంతపురం పూలు:
మొలిచినా తొందరపడొద్దు సార్. మొదట ఆవగింజంత కూడా లేని పచ్చటి గుండ్లు కనిపిస్తాయి, వాటినే ప్రోటోకార్మ్ అంటారు. పువ్వుకు ఏళ్లు పడుతుంది. నేను ఉద్యోగంలో ఉండగా చల్లిన వాండా రిటైరయ్యాక పూసింది. మా ఆవిడ దాన్ని పెన్షన్ పువ్వు అంటుంది.

కడప వాననీళ్లు:
దానికి ఏ నీళ్లు పోశారు?

అనంతపురం పూలు:
ఆర్వో.

కడప వాననీళ్లు:
చూశారా.

కర్నూలు మిద్దెతోట:
థాంక్స్ సార్. ఇంకో కాయ పచ్చిగానే ఉంది, చూస్తా.

ఆదోని సేంద్రియం:
జెల్లీకి కిరాణా కొట్లో అమ్మే చైనా గ్రాస్ పనికొస్తుందా?