మెయిళ్లన్నీ స్పామ్‌లోకి పోతున్నాయి, డీఎన్‌ఎస్‌లో పెట్టిన రికార్డు పనిచేస్తోందో లేదో ఎలా చూడాలి?

పట్నంబజార్:
అందరికీ నమస్కారం. గుంటూరులో మిర్చి వ్యాపారం చేసే ఒక కంపెనీలో లెక్కలు రాస్తాను. ఆఫీసులో కంప్యూటరు కాస్త తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి మెయిళ్ల గొడవ కూడా నా నెత్తినే పడింది. మా సొంత డొమైన్ మీద గూగుల్ వర్క్‌స్పేస్ (కంపెనీలకి గూగుల్ ఇచ్చే మెయిల్ సేవ) వాడతాం. పది రోజులుగా మేం పంపే బిల్లులు, రేట్లు అన్నీ పార్టీలకి స్పామ్‌లో పడుతున్నాయి. మొన్న చెన్నై ఆయన "తేజ రకం మిర్చి 200 టిక్కీలకి (బస్తాలకి) రేటు పంపమంటే ఇంతవరకూ పంపలేదేంటి" అని ఫోన్లో కేకలేశాడు. నేను పంపి అప్పటికి నాలుగు గంటలైంది. మా షావుకారేమో "అసలు నువ్వు సెండ్ నొక్కావా?" అని నన్నే అడిగారు.

ఎవరో చెబితే గూగుల్ అడ్మిన్‌లో డీకిమ్ రికార్డు (మెయిల్ మీద వేసే సంతకాన్ని సరిచూసే తాళం) తయారు చేసి, డొమైన్ కొన్న కంపెనీ సైటులో లాగిన్ అయి డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్ వివరాలుండే చిట్టాలో పెట్టాను. అక్కడ పచ్చ టిక్కు వచ్చింది. 48 గంటలు పట్టొచ్చన్నారు. ఇవాళ నాలుగో రోజు. గూగుల్ మాత్రం రికార్డు కనపడలేదనే అంటోంది. ఇంకా ఆగాలా? లేక నేనేమైనా తప్పు చేశానా?

బ్రాడీపేట:
సింపుల్ అండీ. పార్టీలందరికీ ఫోన్ చేసి ఒక్కసారి "నాట్ స్పామ్" నొక్కమనండి. సెట్ అయిపోతుంది.

పట్నంబజార్:
ముగ్గురితో నొక్కించాను. ఒకాయనకి మళ్లీ స్పామ్‌లోకే వెళ్లింది. సీజన్లో అందరికీ ఫోన్లు చేసి అది నొక్కు, ఇది నొక్కు అంటే తిడతారండీ.

కృష్ణలంక:
ఆగకండి. నాలుగు రోజులైనా రాలేదంటే నలభై రోజులు ఆగినా రాదు. 48 గంటలన్నది బయటికి చెప్పే పై లెక్క. మామూలుగా కొత్త రికార్డు నిమిషాల్లో కనిపిస్తుంది. ఆ పచ్చ టిక్కుకి అర్థం "నువ్వు రాసింది సేవ్ చేసుకున్నాను" అని మాత్రమే. లోకానికి కనిపిస్తోందని కాదు.

ముందు మెయిల్‌నే అడుగుదాం. మీ ఆఫీసు మెయిల్ నుంచి మీ సొంత జీమెయిల్‌కి ఒక ఉత్తరం పంపండి. స్పామ్‌లో పడినా పర్లేదు. దాన్ని కంప్యూటర్లో తెరిచి, కుడివైపు మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్" అనండి. ఫోన్ యాప్‌లో అది ఉండదు, వెతుక్కోకండి. పైన చిన్న పట్టీలో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరసలుంటాయి. వాటి పక్కన ఏముందో అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ పెట్టండి.

పట్నంబజార్:
ఎస్‌పీఎఫ్: పర్మ్‌ఎర్రర్.
డీకిమ్: పాస్. పక్కన మా డొమైన్ పేరు, తర్వాత ఏదో తేదీలాంటి నంబరు, చివర గ్యాప్స్‌ఎస్ఎమ్‌టీపీ డాట్ కామ్ అని ఉంది.
డీమార్క్: ఫెయిల్.
డీకిమ్ పాస్ అనే ఉందిగా సార్, మరి గూగుల్ లేదంటుందేం?

కృష్ణలంక:
అక్కడే అందరూ మోసపోతారు. ఆ పాస్ మీది కాదు. మీరు సొంత డీకిమ్ మొదలుపెట్టేదాకా గూగుల్ తన డొమైన్ పేరుతో సంతకం పెట్టి పంపుతుంది. ఆ గ్యాప్స్‌ఎస్ఎమ్‌టీపీ డాట్ కామ్ గూగుల్ వాళ్లదే. సంతకం అసలైనదే, కాబట్టి పాస్. కానీ ఉత్తరం మీద "ఫ్రమ్" దగ్గర ఉన్నది మీ పేరు. డీమార్క్ చూసేది ఆ రెండూ ఒకటేనా అని.

మీ యార్డు భాషలో చెప్పాలంటే, ఎస్‌పీఎఫ్ అంటే మన సరుకు ఏయే లారీల్లో వస్తుందో గేటు దగ్గర ముందే ఇచ్చిన జాబితా. డీకిమ్ అంటే టిక్కీ మూతి మీద వేసే సీలు, దారిలో విప్పితే తెలిసిపోతుంది. డీమార్క్ అంటే ఈ రెండింటిలో ఒక్కటైనా మన పేరుతో సరిపోవాలి, లేకపోతే లారీని ఏం చెయ్యాలో గేటువాడికి మనం రాసిచ్చిన చీటీ. మీకేమో జాబితా చెల్లలేదు, సీలు పక్కవాడిది. చీటీలో ఏం రాసి ఉందో ఇప్పుడు చూద్దాం.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఆదేశాలు ఫోన్లో చదివి వినిపించినట్టు చెబుతున్నా, మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. మొదటిది: ఎన్ఎస్‌లుకప్, ఖాళీ, హైఫన్ టైప్ ఈక్వల్ టు ఎన్ఎస్, ఖాళీ, మీ డొమైన్. ఇది మీ డొమైన్ చిట్టా ఎవరి దగ్గరుందో చెబుతుంది. రెండోది అదే, కాకపోతే ఎన్ఎస్ బదులు టీఎక్స్‌టీ (టెక్స్ట్ రికార్డులు). మూడోది కూడా టీఎక్స్‌టీయే, డొమైన్ ముందు అండర్‌స్కోర్ డీమార్క్ డాట్ చేర్చండి. మూడింటి చివరా ఖాళీ ఇచ్చి 8.8.8.8 అని తగిలించండి. అప్పుడు మీ ఆఫీసు రౌటర్ని కాకుండా గూగుల్ వాళ్ల పబ్లిక్ డీఎన్‌ఎస్‌ని అడిగినట్టవుతుంది. "నాన్ అథారిటేటివ్ ఆన్సర్" అని వస్తే కంగారు పడకండి, అది తప్పు కాదు.

పట్నంబజార్:
చేశాను. మొదటిదానికి వచ్చిన రెండు పేర్లూ డొమైన్ కొన్న కంపెనీవి కావు! వెబ్‌సైటు చేసిన కుర్రాడు పెట్టిన హోస్టింగ్ కంపెనీవి. పది రోజుల కిందట సైటు కొత్తగా చేసి అక్కడికి మార్చాడు.

రెండోదానిలో వీ ఈక్వల్ టు ఎస్‌పీఎఫ్1 అని మొదలయ్యేవి రెండు లైన్లున్నాయి. ఒకదానిలో గూగుల్ పేరుంది, ఇంకోదానిలో ఏ, ఎంఎక్స్, ఏదో ఐపీ నంబరు ఉన్నాయి. మూడోదానిలో పీ ఈక్వల్ టు క్వారంటైన్ అని ఉంది. ఇది నేను పెట్టలేదు.

కృష్ణలంక:
దొంగ దొరికాడు. ఒకడు కాదు, ముగ్గురు.

ఒకటి, నేమ్‌సర్వర్లు, అంటే మొదటి ఆదేశానికి వచ్చిన ఆ రెండు పేర్లు, హోస్టింగ్ వాళ్లవైతే లోకం వెళ్లి అడిగేది వాళ్లనే. డొమైన్ కొన్నచోట మీరు ఎన్ని రికార్డులు పెట్టినా అవి ఎవరూ తెరవని పాత చిట్టాలో రాసుకున్నట్టే. మీ డీకిమ్ నాలుగు రోజులుగా అక్కడే పడుంది.

రెండు, ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ లైను ఒక్కటే ఉండాలి. రెండుంటే అందులో మంచిది ఏరుకోరు, నియమం ప్రకారం రెండూ చెల్లవు, పర్మ్‌ఎర్రర్ అని కొట్టేస్తారు. హోస్టింగ్ ప్యానెల్ తనకి తానుగా ఒకటి రాసుకుని ఉంటుంది, కుర్రాడు పాతచోటి నుంచి గూగుల్‌ది కూడా తెచ్చి కింద అతికించి ఉంటాడు. నేను చూసిన కేసుల్లో సగం ఇదే.

మూడు, చీటీలో క్వారంటైన్ అంటే "సరిపోకపోతే స్పామ్‌లో పడెయ్" అని. అంటే మీ ఉత్తరాల్ని స్పామ్‌లో వెయ్యమని మీ డొమైనే అందరికీ చెబుతోంది. పాపం జీమెయిల్ చెప్పినమాట వింది. ఆ కుర్రాణ్ణి తిట్టకండి, మంచిదే అనుకుని పెట్టి ఉంటాడు. మిగతా రెండూ సరిచూడకుండా పెట్టడమే తప్పు.

ఇప్పుడు అతని దగ్గర హోస్టింగ్ పాస్‌వర్డ్ తీసుకుని జోన్ ఎడిటర్ (డీఎన్‌ఎస్ రికార్డులు మార్చే పేజీ) తెరవండి. ఏదీ చెరపకముందు మొత్తం పేజీని స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఎంఎక్స్ రికార్డుల (మీకొచ్చే మెయిళ్లు ఎక్కడికి చేరాలో చెప్పేవి) జోలికి పొరపాటున కూడా పోవద్దు, పోతే వచ్చే మెయిళ్లు కూడా ఆగిపోతాయి. డీమార్క్ లైనులో క్వారంటైన్ తీసి నన్ (ఏమీ చెయ్యొద్దు) అని మార్చండి. ఇది ముందు చెయ్యండి, ఇవాళ పంపే బిల్లులకి కొంత ఊపిరాడుతుంది. తర్వాత రెండు ఎస్‌పీఎఫ్ లైన్లనీ కలిపి ఒకటి చెయ్యండి: వీ ఈక్వల్ టు ఎస్‌పీఎఫ్1, ఖాళీ, ఇన్‌క్లూడ్ కోలన్ అండర్‌స్కోర్ ఎస్‌పీఎఫ్ డాట్ గూగుల్ డాట్ కామ్, ఖాళీ, ఐపీ4 కోలన్ ఆ హోస్టింగ్ నంబరు, ఖాళీ, టిల్డా ఆల్. టిల్డా అంటే ఎస్కేప్ మీట కింద ఉండే వంకర గీత, షిఫ్ట్ పట్టుకుని నొక్కాలి. ఐపీ నంబరు ఎందుకంటే, మీ సైటులో ఎంక్వైరీ ఫారం ఉంటే ఆ మెయిల్ గూగుల్ నుంచి కాదు, హోస్టింగ్ సర్వర్ నుంచి బయల్దేరుతుంది.

బ్రాడీపేట:
కలపడం సరే, అన్ని ఇన్‌క్లూడ్‌లూ వరసగా పెట్టుకుంటూ పోవచ్చా? మా దగ్గర ఎస్సెమ్మెస్ వాడు, మెయిల్ మార్కెటింగ్ వాడు, అందరూ తలా ఒకటి ఇచ్చారు.

కృష్ణలంక:
పోకూడదు. ఎస్‌పీఎఫ్ చదివేటప్పుడు డీఎన్‌ఎస్‌ని పదిసార్లకి మించి అడగకూడదని పరిమితి. ఇన్‌క్లూడ్, ఏ, ఎంఎక్స్ ఇవన్నీ లెక్కలోకొస్తాయి, ఇన్‌క్లూడ్ లోపల ఉన్న ఇన్‌క్లూడ్‌లు కూడా. పది దాటితే మళ్లీ అదే పర్మ్‌ఎర్రర్. ఐపీ4కి లెక్క లేదు. అందుకే పట్నంబజార్ గారికి ఎస్‌పీఎఫ్ లైనులోంచి ఏ, ఎంఎక్స్ తీసేసి నంబరు ఉంచమన్నాను. ఎస్సెమ్మెస్ వాడికి ఎస్‌పీఎఫ్‌తో పనేంటో నాకైతే అర్థం కాలేదు, వాడు మీ పేరుతో మెయిళ్లు పంపకపోతే తీసెయ్యండి.

పట్నంబజార్:
అన్నా, రెండూ చేశాను. డీకిమ్ కూడా హోస్టింగ్‌లో పెట్టాను. కానీ గూగుల్ డాట్ అండర్‌స్కోర్ డొమైన్‌కీ డాట్ మా డొమైన్ అని ఎన్ఎస్‌లుకప్‌లో అడిగితే "నాన్ ఎగ్జిస్టెంట్ డొమైన్" అంటోంది. ప్యానెల్లో మాత్రం కళ్ల ముందే ఉంది. టెన్షన్‌తో చెమటలు పడుతున్నాయి, షావుకారు వెనకే నిలబడ్డారు.

కృష్ణలంక:
ఆయన్ని కూర్చోబెట్టి టీ తెప్పించండి. ఇప్పుడు అదే పేరు చివర మీ డొమైన్‌ని ఇంకోసారి తగిలించి అడగండి. అంటే డొమైన్ పేరు రెండుసార్లు రావాలి.

పట్నంబజార్:
వచ్చింది! పొడుగాటి తాళం మొత్తం వచ్చింది. ఇదేంటన్నా?

కృష్ణలంక:
కొన్ని ప్యానెళ్లు పేరు గడిలో మీరేం రాసినా చివర డొమైన్‌ని వాటంతట అవే అతికిస్తాయి. మీరు పూర్తి పేరు రాశారు, అది ఇంకోసారి కలిపింది. పేరు గడిలో గూగుల్ డాట్ అండర్‌స్కోర్ డొమైన్‌కీ వరకే ఉంచి సేవ్ చెయ్యండి.

ఇంకో మాట. సరిచేశాక వెంటనే 8.8.8.8ని అడిగితే ఇంకా లేదనే అనొచ్చు. ఇందాక అడిగినప్పుడు దొరకలేదు కదా, ఆ "లేదు" అన్న జవాబు కూడా కాసేపు గుర్తుపెట్టుకుంటుంది. అందుకని ఆదేశం చివర 8.8.8.8 బదులు మొదట వచ్చిన నేమ్‌సర్వర్ పేరే పెట్టి నేరుగా ఇంటి యజమానినే అడగండి. అక్కడ కనిపిస్తే మీ పని అయినట్టే. ఎస్‌పీఎఫ్‌కి కూడా అంతే, పక్కన టీటీఎల్ (జవాబుని ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలన్న లెక్క) 14400 అని ఉంటే పాతది ఇంకో నాలుగు గంటలు కొందరి దగ్గర బతికుంటుంది.

ఆ తర్వాత గూగుల్ అడ్మిన్‌లో "స్టార్ట్ అథెంటికేషన్" నొక్కడం మర్చిపోకండి. రికార్డు పెట్టి, ఇది నొక్కకుండా నెలల తరబడి కూర్చున్నవాళ్లు తెలుసు నాకు.

ఆటోనగర్:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మాది విజయవాడలో స్పేర్ పార్టుల షాపు. మేం పంపే మెయిళ్లకి మూడూ పాసే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి వెళ్లే ఇన్‌వాయిస్‌లు మాత్రం స్పామ్. అందులో కూడా ఎస్‌పీఎఫ్ పాస్ అనే ఉంది, డీమార్క్ మాత్రం ఫెయిల్.

కృష్ణలంక:
మీది కూడా పక్కవాడి సీలు కథేనండీ, ఈసారి ఎస్‌పీఎఫ్ వైపు. షో ఒరిజినల్‌లో కిందికి వెళ్తే "రిటర్న్ పాత్" అని ఉంటుంది. ఎస్‌పీఎఫ్ చూసేది ఆ చిరునామా డొమైన్‌ని, ఫ్రమ్‌ని కాదు. అక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీ డొమైన్ ఉండి ఉంటుంది. అది వాళ్లకి పాస్, మీకు కాదు. వాళ్ల సెట్టింగుల్లో "మీ డొమైన్ వెరిఫై చేసుకోండి" అని ఎక్కడో ఉంటుంది, అక్కడ ఇచ్చే డీకిమ్ రికార్డుల్ని మీ డీఎన్‌ఎస్‌లో పెట్టండి. అలాంటిది లేకపోతే ఆ సాఫ్ట్‌వేర్‌లో మీ సొంత మెయిల్ ఎస్ఎమ్‌టీపీ (మెయిళ్లు పంపే సర్వర్) వివరాలిచ్చి, యాప్ పాస్‌వర్డ్‌తో (సాఫ్ట్‌వేర్ కోసం విడిగా తీసుకునేది) మీ మెయిల్ ద్వారానే పంపించండి. చిన్న షాపుకి నేనైతే రెండోదే చెబుతాను, ఒక్క దారి అయితే కాపలా సులువు.

బ్రాడీపేట:
ఇవన్నీ రోజుకి 5,000 మెయిళ్లు పంపేవాళ్లకే అని విన్నాను?

కృష్ణలంక:
సగం నిజం. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి పంపే ప్రతివాళ్లకీ ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి ఉండాలి. రోజుకి 5,000 దాటినవాళ్లకి ఆ రెండూ, పైన డీమార్క్ కూడా తప్పనిసరి. పది మెయిళ్లు పంపే షాపైనా మొదటి నియమం నుంచి తప్పించుకోలేదు.

పట్నంబజార్:
అయిందన్నా. రాత్రి 9 గంటలకి ఇంకో ఉత్తరం పంపి చూశాను. ఎస్‌పీఎఫ్ పాస్. డీకిమ్ పాస్, పక్కన ఈసారి మా డొమైన్ ఒక్కటే. డీమార్క్ పాస్. స్పామ్‌లో కాదు, ఇన్‌బాక్స్‌లోనే పడింది. చెన్నై ఆయనకి కూడా చేరింది. చేరిందని చెప్పలేదు, రేటు ఎక్కువని తిరిగి రాశాడు.

ఇంక డీమార్క్ నన్ అలాగే వదిలెయ్యనా? షావుకారు అడుగుతున్నారు, మా పేరుతో ఎవరో పార్టీలకి "బ్యాంకు అకౌంటు మారింది, ఇందులో వెయ్యండి" అని మెయిల్ పెడితే ఆగుతుందా అని.

కృష్ణలంక:
నన్ మీద ఉంటే ఆగదు. రెండు మూడు వారాలు నన్ మీదే ఉంచి, ఆ లైనులోనే ఆర్‌యూఏ (రిపోర్టులు రావాల్సిన చిరునామా) అని మీ డొమైన్ మెయిల్ ఒకటి ఇవ్వండి. సొంత జీమెయిల్ ఇవ్వకండి. వేరే డొమైన్‌కి రిపోర్టులు వెళ్లాలంటే ఆ డొమైన్ వాళ్లు డీఎన్‌ఎస్‌లో ఒప్పుకుంటూ రాయాలి, జీమెయిల్ మీకోసం రాయదు కదా. రోజుకోసారి జిప్ ఫైళ్లు వస్తాయి, లోపల ఎక్స్ఎమ్ఎల్ చూడ్డానికి భయంకరంగా ఉంటుంది. మీరు చూడాల్సింది మీ పేరుతో పంపిన ఐపీల్లో మీకు తెలిసినవేవీ ఫెయిల్ కావట్లేదు కదా అన్నది. అప్పుడు మళ్లీ క్వారంటైన్ పెట్టండి, ఇంకొన్నాళ్లాగి రిజెక్ట్ (అసలు తీసుకోవద్దు).

షావుకారు గారికి మాత్రం ఒకటి చెప్పండి. మీ డొమైన్ పేరునే వాడేవాణ్ణి ఇది ఆపుతుంది. ఒక్క అక్షరం తేడాతో కొత్త డొమైన్ కొనుక్కుని వచ్చేవాణ్ణి ఆపదు. అకౌంటు నంబరు మారిందంటే ఫోన్ చేసి అడగమని పార్టీలకి ఇప్పుడే చెప్పి ఉంచండి.

పట్నంబజార్:
చెప్పానన్నా. ఆర్‌యూఏకి వేరే మెయిల్ పెట్టాను. షావుకారు గారి తమ్ముడికి కోల్డ్ స్టోరేజీ ఉందట, రేపు పొద్దున వెళ్లి వాళ్లది కూడా చూసి రమ్మన్నారు. అక్కడ నేమ్‌సర్వర్ దగ్గర్నుంచే మొదలుపెడతాను.